కోటమ్మ షట్టర్ దించే వేళ

నూజివీడు వెళ్ళొచ్చాను. చెట్టెక్కి, కొమ్మ మీద కూర్చుని, గంపెడు చిన్న రసాలు తిన్నానని మా వీధిలో చెప్పుకుంటున్నాను. మీకు మాత్రం నిజం చెబుతాను, అచ్చులో పడ్డాక దిద్దుకోవడం కష్టం. చెట్టెక్కలేదు. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. గంపెడు కాదు, నాలుగు. నాలుగోది సగంలో వదిలేశాను. ఈ వయసులో కడుపు నిండకముందే దవడలు అలిసిపోతాయి.

ఆ మాటకొస్తే ప్రయాణమంతా అలసటే. వెళ్ళేటప్పుడు మోకాళ్ళు అలిశాయి, వచ్చేటప్పుడు నోరు అలిసింది. మోకాళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. నోరెందుకు అలిసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చెప్పి రమ్మన్న మాట

మాది గుంతకల్లు. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేశాను. అంటే, స్టేషన్ మాస్టరు గది పక్కగదిలో పార్సిల్ గుమాస్తాగా చేశాను. రెండు గదులకీ గోడ ఒకటే.

మా అమ్మాయి సరోజకు స్టేషన్ రోడ్డులో కర్రీ పాయింటు ఉంది. పప్పు, రసం, రెండు కూరలు, ఒక వేపుడు. కవర్లలో కట్టి ఇస్తుంది. చీకటితో లేచి పొయ్యి వెలిగిస్తే, మళ్ళీ ఊరు సద్దుమణిగాకే నడుం వాల్చడం. ఊరందరికీ అన్నం వేళకు కూర అందించే మనిషి, తాను మాత్రం గిన్నె అడుగున మిగిలింది నిలబడే తింటుంది. ఈ ఏడాది కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. అది ఏ కొట్లో దొరుకుతుందో చెప్పలేదు.

"ఈ ఎండాకాలం అయినాక మూసేస్తా నాయనా," అంది ఓ రోజు, తరుగుతున్న బెండకాయల మీంచి తలెత్తకుండానే.

ఆ కొట్టుకు ఏళ్ళుగా ఆవకాయ ముసునూరు నుంచి వస్తుంది. నూజివీడు పక్కన మామిడి తోటల మధ్య ఊరు అది. అక్కడ నాగమణి అనే ఆవిడ పచ్చళ్ళు పెట్టి నలుమూలలకీ పంపుతుంది. ఆమె, సరోజ ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు, ఫోన్లోనే అక్కాచెల్లెళ్ళు. ఏటా సరుకుతో పాటు ఓ చిన్న జాడీ వేరుగా వస్తుంది. "ఇది సరోజ తినడానికి, అమ్మడానికి కాదు" అని మూతమీద కాగితం అంటించి ఉంటుంది. సరోజ ఏటా ఆ కాగితం పీకేసి ఆ జాడీ కూడా అమ్మేస్తుంది.

"ఆయక్కకు ఫోన్లో చెప్పనీకి నాకు నోరు రాదు. ఈసారి సరుకు వద్దని, ఇంక ఎప్పుడూ వద్దని, నువ్వే పోయి చెప్పిరా నాయనా. వట్టి చేతుల్తో పోవద్దు," అని చెనిక్కాయల పొడి, అదే వేరుశెనగ పొడి, డబ్బా చేతికిచ్చింది.

అదీ పని. ఒక్క మాట మోసుకెళ్ళి దింపి రావడం. జన్మంతా పార్సిళ్ళు ఎక్కించి దింపినవాడికి అదో లెక్కా అనుకున్నాను.

నూజివీడు

రైల్లో ఎదురు సీటు దంపతులు చపాతీలు పెట్టారు. మర్యాద కోసం పొడి డబ్బా తెరిచాను. విజయవాడ వచ్చేసరికి మర్యాద సగం డబ్బా తినేసింది.

నూజివీడు బస్సు నిండా కాలేజీ పిల్లలు. అక్కడే ఉండి చదువుకునే పెద్ద యూనివర్సిటీ ఉందట, ఇళ్ళకు వెళ్ళి తిరిగొస్తున్నట్టున్నారు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో బ్యాగు. ఒక పిల్ల లేచి, "కూర్చోండి తాతగారూ," అంది. "నాకేం అలసట లేదమ్మా, నువ్వు కూర్చో," అన్నాను. అంటూనే ఆమె పూర్తిగా లేవకముందే కూర్చున్నాను.

బస్టాండు ఎదుట హోటల్లో ఉగ్గాని ఉందా అని అడిగాను. మా గుంతకల్లులో పొద్దున్నే బొరుగులు, అంటే మరమరాలు, తడిపి తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు, అది లేనిదే మాకు తెల్లారదు. సర్వరు కాసేపు ఆలోచించి, "ఆ పేరు గలాయన ఇక్కడ ఎవరూ పనిచేయట్లేదండీ," అన్నాడు. ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. అల్లం పచ్చడి మాత్రం ఎంత అడిగితే అంత వేశాడు. మా వైపు చట్నీ రెండోసారి అడిగితే మొహం చూస్తారు.

పండ్ల బజారులో గడ్డి పరిచి, దాని మీద పండ్లు పేర్చి ఉన్నాయి. ఊరంతా ఒకటే వాసన, మన చొక్కాకి కూడా పడుతుంది. డజను చిన్న రసాలు నూట ఎనభై అన్నాడు. చాలాసేపు పోరాడి నూట యాభైకి దించాను. విజయగర్వంతో పక్కకు తిరిగితే, ఒకావిడ అవే పండ్లు కిక్కురుమనకుండా నూట ఇరవైకి సంచిలో వేసుకుంటోంది.

ముసునూరు దారి

ఆటో అబ్బాయి హుషారైనవాడు. దారికి రెండు వైపులా తోటలే. మా ఊళ్ళో చెట్లుంటాయి, ఇక్కడ చెట్ల మధ్య ఊళ్ళున్నాయి. కొన్ని తోటల్లో కాయకాయకూ కాగితపు సంచి తొడిగారు. దూరం నుంచి చూస్తే మామిడి చెట్టుకు కిరాణా పొట్లాలు కాసినట్టుంది. పురుగూ మచ్చా పడకుండా తొడుగుతారట. మనుషులకు లేని సౌకర్యం.

"ఇవన్నీ బంగినపల్లేనా?" అన్నాను.

"అవునండీ, మా నూజివీడు బంగినపల్లి."

"మీదేంటయ్యా? ఆ ఊరు మా రాయలసీమలో ఉంది. పేరు మాది, పుట్టుక మాది."

"ఊరు మీ దగ్గరే ఉంచుకోండి బాబాయ్. కాయలు మా దగ్గరుంచండి, సరిపోద్ది," అన్నాడు.

దానికి నేనో గొప్ప జవాబు చెప్పి అతని నోరు మూయించాను. అంటే, ఆ జవాబు నాకు తిరుగు రైల్లో తట్టింది.

మూసిన షట్టర్

నాగమణి పచ్చళ్ళ షెడ్డు ఆమె ఇంటి పక్కనే. నేను దిగేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది, ఎండ నెత్తిన కొడుతోంది. షట్టర్ దించేసి ఉంది. పని రోజున, నడి సీజన్లో షట్టర్ దించడమేమిటని అరచేత్తో దబదబా బాదాను.

పక్క తలుపులోంచి ఒక బక్కపల్చటి ముసలావిడ తల బయటపెట్టింది.

"ఎవరయ్యా అది? తలుపనుకున్నావా, డప్పనుకున్నావా?"

"గుంతకల్లు నుంచి వస్తున్నానమ్మా. సరోజ వాళ్ళ నాన్నను."

"కాశీ నుంచొచ్చినా మూడింటిదాకా షట్టర్ లెగదు. లోపలికొచ్చి పడుకోండి."

"పడుకోవాలా?"

"నిలబడి నిద్రపోతారా ఏంటి? అదిగో, వసారాలో చాప."

ఆవిడే కోటమ్మ. తోటల్లో కూలి పని చేసి చేసి, ఇప్పుడు ఈ షెడ్డులో అందరికంటే పాత మనిషి. ఆమె బొడ్డులో షట్టర్ ఎత్తే కొక్కెం వేలాడుతోంది.

వసారాలోంచి లోపల కనిపిస్తోంది. పదిమంది లోపు ఆడవాళ్ళు, ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చుని, ఒకరి అరచేతికి ఒకరు ఆముదం రాస్తున్నారు. పొద్దుటి నుంచి కారంలో, ఆవపిండిలో మునిగిన చేతులు, ఎర్రగా మండిపోయి ఉన్నాయి. ఒకావిడ నాకు మంచినీళ్ళు తెచ్చింది. సన్నగా, చామనచాయగా, కళ్ళకింద నల్లటి చారలతో ఉంది. ఆవిడే నాగమణి.

"ఎవరి చేతికి వాళ్ళు రాసుకోవచ్చు కదమ్మా?" అన్నాను.

"రాసుకోవచ్చండీ. గబగబా రాసేసుకుని లేచిపోతాం. మన చెయ్యి పక్కవాళ్ళ చేతిలో ఉందనుకోండి, లేవలేం కదా బాబాయిగారూ," అని నవ్వింది. "అది కోటమ్మ పెట్టిన రూలు. సాయంత్రం మాట్లాడుకుందాం, పడుకోండి. లేకపోతే నన్ను కూడా తిడుతుంది."

పడుకున్నాను. నిద్ర పట్టదనుకున్నాను. నా గురక రోడ్డు దాకా వినిపించిందని తర్వాత కోటమ్మ చెప్పింది.

బేసిన్‌లో ముద్ద

సాయంత్రం పని ముగిశాక, ఆవకాయ కలిపిన పెద్ద బేసిన్‌లో వేడన్నం గుమ్మరించి కలిపారు. అంచులకూ అడుగుకూ అంటిన నూనె, కారం, ఆవపిండి అన్నీ అన్నానికి పట్టాయి. మా వైపు ఊరగాయకు చెనిక్కాయ నూనె వాడతాం. ఇక్కడ నువ్వుల నూనె, ఘాటు నోటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. మొదటి ముద్ద యజమానికి కాదు, ఆ రోజు కారం కలిపిన మనిషికి. రెండోది చుట్టానికి, అంటే నాకు. పది ముద్దలు తిన్నాను. మూడు. మూడోదానికి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అది కారానికే అనుకున్నారు, నేనూ దిద్దలేదు.

తింటూ నాగమణి తన కథ చెప్పింది. మామిడి తోట ఉన్న ఇల్లే. అయినా గాలి వీచిన ఏడు కాయంతా నేల రాలిపోయి, ఒక్క పంట మీద ఇల్లు నిలవదని తెలిసి పచ్చళ్ళు మొదలుపెట్టింది. కిందటి వేసవిలో తిండీ నిద్రా మానేసి ఆర్డర్లు అందిస్తూ, వడదెబ్బకు ఉప్పు కుప్ప పక్కనే పడిపోయింది. నూజివీడు ఆస్పత్రిలో ఉండగా ఈ ఆడవాళ్ళే సరుకంతా పెట్టి, కట్టి పంపేశారు. ఇంటికొచ్చేసరికి షట్టర్ కొక్కెం కోటమ్మ బొడ్డులో ఉంది.

"ఓనరు నేను. షట్టర్ ఎత్తే అధికారం నాకు లేదండీ."

"నీ చేతికిస్తే మళ్ళీ ఉప్పు మీద పడుకుంటావు మణమ్మా," అంది కోటమ్మ.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇక్కడే పని నేర్చుకున్న చిట్టెమ్మ ఇప్పుడు జి. కొండూరులో సొంతంగా పచ్చళ్ళు పెడుతోంది. తనకు మించిన ఆర్డరు వస్తే నాగమణి ఆమెకే పంపేస్తుంది.

"పోటీదారుకా?" అన్నాను.

"ఊళ్ళో కూడా నన్ను తిక్కదనే అంటారండీ. నాకు అందని పని ఆవిడ చేస్తే ఆవిడకి బతుకు, నాకు మధ్యాహ్నం నిద్ర. ఇందులో తిక్కేముంది?"

ఆ తర్వాత, చేతిలో ముద్ద ఉండగా, అడగనే అడిగింది. "సరోజ కొట్టు ఎలా ఉంది బాబాయిగారూ?"

మోసుకొచ్చిన మాట నాలుక మీదే ఉంది. దింపితే సరిపోయేది. కానీ అంతమంది నా మొహంలోకి చూస్తున్నారు, ఆ ఫోన్లో చెల్లెలు పచ్చగా ఉందని వినాలని చూస్తున్నారు. మూసేస్తోందని ఎలా అంటాను?

"మూడు కొట్లు పెట్టింది," అన్నాను.

"మూడే!"

"ఒకటి స్టేషన్ లోపలే, ప్లాట్‌ఫారం మీద. ఈసారి సరుకు రెట్టింపు కావాలంది. రేపు సాయంత్రానికల్లా."

కోటమ్మ కనుబొమ్మలు ముడిచింది. "సగం చిట్టెమ్మకి పంపమ్మా."

ఇక్కడైనా ఆగాల్సింది. "వద్దు వద్దు," అన్నాను. "మా ఊరివాళ్ళు నాగమణి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టరు."

నాగమణి మొహం వెలిగింది. ఆ రాత్రి తోట కాపలాకు వెళ్ళిన ఆమె భర్త మంచం నాకిచ్చారు. మెత్తటి మంచమే. ఎటు తిరిగి పడుకున్నా గుచ్చుకుంది.

కత్తి చప్పుడు

మర్నాడు ఉదయం తోట చూశాను. పొడుగాటి కర్రకు చిక్కం కట్టి, కాయ నేల తగలకుండా దింపుతున్నారు. నేను కుర్చీలో కూర్చుని, మొదట్లో చెప్పిన ఆ నాలుగు పండ్లు తిన్నాను. చెబుదామనుకుంటూనే మధ్యాహ్నమైంది.

కోటమ్మ షట్టర్ దించింది. ఆముదం గిన్నె తిరిగింది. అందరూ ఒరిగారు. నేను కూడా చాప మీద కళ్ళు మూసుకున్నాను.

టక్.

కాసేపాగి, మళ్ళీ టక్. టెంక మీద కత్తి పడే చప్పుడు. లేచి వెనక్కి వెళ్ళాను. పెరట్లో రేకు కింద, ఎండ సగం మీద పడుతుండగా, నాగమణి ఒక్కతే కూర్చుని కాయలు కొడుతోంది. చీర కొంగు నెత్తిన కప్పుకుంది. పక్కన ముక్కల కుప్ప. నాకంటే ముందే కోటమ్మ అక్కడ ఉంది.

"ముందు తలుపు మూస్తే వెనక తలుపు తీశావా? దొంగా!"

"అరవకు కోటమ్మా, అందరూ లేస్తారు. ఈ ఒక్కరోజే."

"కిందటేడు కూడా ఒక్కరోజే అన్నావు."

"సరోజకి మూడు కొట్లంటే! మనలాగే ఒక్కతే పొయ్యి దగ్గర మొదలెట్టిన పిల్ల. ఎదుగుతున్నప్పుడు చెయ్యి అందించకపోతే ఎట్టా?"

లేవబోయి, స్తంభం పట్టుకుని, అలాగే ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. పెదాలు పాలిపోయాయి. కోటమ్మ ఆమె చేతిలో కత్తి లాక్కుని కింద పారేసింది.

నేను నా జీవితంలో ఎన్నో కోతలు కోశాను. అవి ఎవరి నెత్తిన పడతాయో ఎప్పుడూ నిలబడి చూడలేదు. ఈసారి కళ్ళెదుటే పడింది.

"మూడు కొట్లు లేవమ్మా," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఒక్కటే ఉంది. అది కూడా మూసేస్తోంది. భుజం పట్టేసి చెయ్యి లేవట్లేదు. సరుకు ఇంకెప్పుడూ వద్దని చెప్పి రమ్మంది. అది చెప్పడానికే వచ్చాను."

నాగమణి ముక్కల కుప్ప వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మరి స్టేషన్ లోపల ప్లాట్‌ఫారం మీద కొట్టో?" అంది కోటమ్మ.

"అది కూడా లేదు."

"అసలు గుంతకల్లు ఉందా? అది కూడా మీరే కట్టారా?"

నోరు తెరిచాను. కోటమ్మ చెయ్యెత్తింది. "ఇప్పుడు కాదు. ఇది పడుకునే వేళ. మూడయ్యాక తిడతా. పదండి ఇద్దరూ."

ఎదురాడకుండా వెళ్ళి పడుకున్నాం. లోపల తలుపు పక్కన నాగమణిని పడుకోబెట్టి, తడిగుడ్డ నుదుట వేసి, ఆమె అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కోటమ్మ ఆముదం రాస్తూ కూర్చుంది. మూడింటిదాకా ఆ చెయ్యి వదల్లేదు.

మూడయ్యాక

అన్న మాట ప్రకారం తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను. మెచ్చుకుందని మా వీధిలో చెప్పాను.

కొట్టిన ముక్కలు ఆగవు, ఆ రోజే ఉప్పూ కారం పడాలి. నాగమణి ఫోన్ చేస్తే చిట్టెమ్మ ఆటోలో వచ్చి, ఎక్కువైన ముక్కలన్నీ ఎక్కించుకుంది. పోతూ పోతూ, "మీరు మళ్ళీ రండి బాబాయిగారూ, మీవల్ల నాకు కోసిన ముక్కలు దొరికినాయి," అని ఎగతాళి చేసింది.

తర్వాత నాగమణి సరోజకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. నేను లేచిపోబోతే కోటమ్మ చూపుతో కూర్చోబెట్టింది.

"సరోజా, నేను పంపే చిన్న జాడీ తింటున్నావా?"

అటువైపు గరిటె చప్పుడు ఆగింది. వెనక నూనె చిటపటలు వినిపిస్తున్నాయి.

"లేదక్కా. అమ్మేస్తినక్కా."

"అన్నేళ్ళూనా?"

"అన్నేళ్ళూ," అంది సరోజ. "నాయన అంతా చెప్పినాడా?"

"చెప్పారు. కొంచెం చుట్టూ తిప్పి చెప్పారు."

కోటమ్మ కిసుక్కున నవ్వింది.

"మూసేయొద్దని నేను అననమ్మా," అంది నాగమణి. "నీ ఒళ్ళు, నీ కొట్టు. కానీ మొత్తం మూసేముందు ఓ నెల మధ్యాహ్నం మూసి చూడు. నా మీద కూడా నాకు నమ్మకం లేదు, కోటమ్మ ఉంది కాబట్టి పడుకుంటున్నా. నీక్కూడా షట్టర్ దించడానికి ఒక మనిషి కావాలి. ఎవరున్నారు?"

అటువైపు పొయ్యి ఆర్పిన చప్పుడైంది. "ఎవరున్నారక్కా," అంది చివరికి. "నాయన ఉన్నాడు."

"ఆయనా?" అంది కోటమ్మ. "సరే. అబద్ధాలాడటానికి ఇద్దరు మనుషులంత ఓపికుంది, షట్టర్ దించడానికి ఉండదా?"

సగం ఖాళీ అయిన పొడి డబ్బా అప్పుడు గుర్తొచ్చి ఇచ్చాను. మిగతా సగం ఏదని ఎవరూ అడగలేదు. అడిగితే ఎలుకలని చెబుదామనుకున్నాను. ఆ మాట అక్కడే మింగేశాను.

తిరిగొచ్చాక

రైల్లో ఎవరు ఏం పెట్టినా వద్దన్నాను. ఒళ్ళో చిన్న జాడీ, దాని మూతమీద అదే కాగితం. చేతిసంచిలో కోటమ్మ ఇచ్చిన ఆముదం సీసా. ప్రతి స్టేషనులోనూ జాడీ ఒరగలేదని చూసుకుంటూ, నిద్ర లేక, నడుం విరిగి ఇల్లు చేరాను.

ఇప్పుడు మా కొట్టు మధ్యాహ్నం బేరం అయిపోగానే మూడింటికి మూతపడుతుంది, మళ్ళీ ఐదింటికి తెరుచుకుంటుంది. మొదటి వారం కొందరు అలిగి పక్క సందుకు వెళ్ళిపోయారు. సరోజ లోపల పడుకునే, ఎవరెవరు వెళ్ళిపోయారో అడుగు చప్పుడును బట్టి చెప్పేది. సాయంత్రం వేపుడు ఎదురింటి ఫాతిమా చేస్తానంది, సరోజ అమ్మిపెడుతోంది. ఎండాకాలం తర్వాత మూస్తుందో లేదో నాకు తెలియదు. అడిగితే, "చూద్దాంలే నాయనా," అంటుంది. మునుపు "మూసేస్తా" అనేది. నాకు అంతవరకు చాలు. భుజం ఇంకా సగమే లేస్తోంది.

చిన్న జాడీ అమ్మలేదు. కూర్చుని, కంచంలో అన్నం పెట్టుకుని, దాంతో తింటోంది. కొక్కెం నా దగ్గరే ఉంది. తిన్నాక ఆమె అరచెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తాను. నా వేళ్ళకు పట్టు లేదు, ఊరికే తిరుగుతాయి. అయినా చెయ్యి వెనక్కి తీసుకోదు.

నిన్న ఒకతను వచ్చి షట్టర్ దబదబా బాదాడు. పక్క తలుపులోంచి తల బయటపెట్టాను.

"మెల్లగా నాయనా. లోపల నలభై మంది ఆడవాళ్ళు పడుకున్నారు. ఐదింటికి రా."

"నలభై మందా!" అని అతను చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

చెప్పులు పట్టుకోలేదు, తొడుక్కునే వెళ్ళాడు. నలభై మంది కూడా లేరు. ఒక్కతే. పడుకున్న మాట మాత్రం నిజం.